మహిళలకు రోడ్ బైక్: ఒంటికి నప్పే సైకిలును ఎంచుకోవడం ఎలా

తెలుగులో బైక్ అనగానే మోటారు సైకిలే గుర్తుకు వస్తుంది కనుక ముందే ఒక మాట స్పష్టం చేస్తాను. ఇక్కడ రోడ్ బైక్ అంటే కిందికి వంపు తిరిగిన హ్యాండిలు, సన్నని టైర్లు, తేలికైన ఫ్రేము ఉండి, తారు రోడ్డు మీద ఎక్కువ దూరం తొక్కడానికి తయారైన సైకిలు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు వెంట సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది. అక్కడ తెల్లవారుజామున మామూలు గేర్ల సైకిలు తొక్కి అలవాటు పడిన మహిళలు ఇప్పుడు రోడ్ బైక్ కొనుక్కోవాలనుకుంటూ, ఏ కంపెనీది మంచిదని నన్ను అడుగుతుంటారు. ఇప్పుడున్న సైకిలు మీద గంటసేపు కూర్చుంటే ఎక్కడ నొప్పి పుడుతుందో చెప్పమని నేను వారిని తిరిగి అడుగుతాను. కంపెనీ పేరు కంటే ఆ జవాబే సరైన సైకిలును చూపిస్తుంది.

ఈ సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. నా ఎత్తు 156 సెంటీమీటర్లు. మొదటి రోడ్ బైక్ కొన్ననాడు దుకాణంలో 52 సైజు ఫ్రేము ఒక్కటే సిద్ధంగా ఉంది. సీటును బాగా కిందికి దించి ఇచ్చి, "కొన్నాళ్లకు అలవాటైపోతుంది మేడమ్" అన్నారు. ఏడాది పాటు నేను అలవాటు చేసుకోవడానికే ప్రయత్నించాను. నలభై కిలోమీటర్లు దాటగానే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. మెడ పట్టేసేది. ఇంటికి వచ్చాక స్నానం చేస్తుంటే తొడల మధ్య మంట పుట్టేది. లోపం నా ఒంట్లోనే ఉందని నమ్మాను. ఒకనాడు స్నేహితురాలి చిన్న ఫ్రేము సైకిలును పది నిమిషాలు తొక్కిన తరువాత గానీ, ఆ బాధలు మూడింటికీ కారణం ఒక్కటేనని, హ్యాండిలు నాకు అందనంత దూరంలో ఉండటమేనని అర్థం కాలేదు. కొత్త సైకిలు మీద మొదటి రెండు మూడు వారాలు కండరాలు నొప్పి పెట్టడం సహజమే. తిమ్మిరి, మంట, రాపిడి పుండ్లు మాత్రం అలవాటు చేసుకోవలసినవి కావు. సైకిలు మీ కొలతకు లేదని అవి చెబుతున్నాయి.

"లేడీస్ సైకిల్" కావాలా?

దుకాణంలోకి మహిళ అడుగుపెట్టగానే చాలాచోట్ల పై కడ్డీ వంగి ఉండే లేడీస్ సైకిలును ముందుకు తెస్తారు. చీర, లంగాఓణీ కట్టుకుని ఎక్కి దిగడానికి వీలుగా ఆ ఆకారం వచ్చింది. దాని ఉపయోగం దానికి ఉంది, కానీ ఎక్కువ దూరాలకు ఉద్దేశించిన రోడ్ బైక్‌కు అది అవసరం లేదు.

రోడ్ బైకుల్లోనూ మహిళల నమూనాలంటూ ప్రత్యేకంగా ఉన్నాయి. వాటి వెనుక ఒక మంచి చరిత్ర ఉంది. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజనీరు 1985లో మహిళల కోసం సైకిళ్లు తయారు చేసే సంస్థను ప్రారంభించారు. పొట్టి వారికి హ్యాండిలు దగ్గరగా రావాలంటే పెద్ద ముందు చక్రం అడ్డొస్తుందని గ్రహించి, ఆమె చిన్న ఫ్రేములకు ముందు వైపు 24 అంగుళాల చక్రం అమర్చారు. ఆ తరువాత పెద్ద కంపెనీలు అనేకం మహిళల నమూనాలు తెచ్చాయి. అయితే ఒకే ఎత్తున్న స్త్రీ పురుషుల కొలతల్లో తేడా అనుకున్నంత లేదని, మనిషికీ మనిషికీ ఉన్న తేడాయే ఎక్కువని గుర్తించి, స్పెషలైజ్డ్, ట్రెక్ వంటి సంస్థలు గత కొన్నేళ్లలో ప్రత్యేక ఫ్రేములను చాలావరకు మానేసి, ఒకే ఫ్రేమును చిన్న సైజుల నుంచి పెద్ద సైజుల వరకు తయారు చేస్తూ, సీటు, హ్యాండిలు వంటి భాగాలను మాత్రం సైజును బట్టి మారుస్తున్నాయి. తైవాన్‌కు చెందిన జయంట్ సంస్థ మహిళల కోసమే లివ్ అనే బ్రాండును నడుపుతోంది.

నా అభిప్రాయంలో ఈ రెండు దారుల్లో ఏదీ తప్పు కాదు. మహిళల నమూనా అన్న చీటీ ఉన్నంత మాత్రాన అది మీకు సరిపోతుందని కాదు, లేనంత మాత్రాన సరిపోదనీ కాదు. అలాంటి నమూనాల్లో చిన్న సైజులు, వెడల్పు సీటు, ఇరుకు హ్యాండిలు ముందే అమర్చి ఉంటాయి కనుక పొట్టిగా ఉన్నవారికి అదనపు ఖర్చు తగ్గవచ్చు. రంగును చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు.

ఇంట్లో తీసుకోవలసిన కొలతలు

దుకాణానికి వెళ్లకముందే ఇంట్లో ఒక అరగంట కేటాయించి మూడు కొలతలు తీసుకోండి. మొదటిది కాలి లోపలి పొడవు. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడంతో నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని తొడల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడి తగిలేదాకా పైకి లాగి, పుస్తకం పై అంచు నుంచి నేల వరకు ఇంకొకరి చేత కొలిపించండి. ఆ పొడవును 0.883తో గుణిస్తే, పెడళ్ల ఇరుసు (రెండు పెడల్ కాడలు ఫ్రేములో కలిసే చోటు) మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం సుమారుగా తెలుస్తుంది. కాలి పొడవు 72 సెంటీమీటర్లయితే సీటు దాదాపు 63.6 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఇది ఆరంభానికి పనికివచ్చే అంకె మాత్రమే. తొక్కి చూశాక నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ మారడం మామూలే.

రెండవది భుజాల వెడల్పు. రెండు భుజాల పైన చివర చేతికి తగిలే ఎముకల మధ్య దూరాన్ని కొలవాలి. హ్యాండిలు వెడల్పు దాదాపు అంతే ఉండాలి. చాలామంది మహిళలకు 36 నుంచి 40 సెంటీమీటర్ల హ్యాండిలు సరిపోతుంది. దుకాణంలో కనిపించే సైకిళ్లకు 42 సెంటీమీటర్లది ఉండటం సాధారణం. చేతులు బాగా విప్పారితే భుజాల మధ్య, మెడ కింద నొప్పి మొదలవుతుంది.

మూడవది కూర్చునే ఎముకల మధ్య దూరం. సీటు సంగతి వచ్చినప్పుడు దాన్ని వివరిస్తాను.

ఫ్రేము: దూరం, ఎత్తు

ఎత్తును బట్టి సైజు చెప్పే పట్టికలు దుకాణం గోడల మీద ఉంటాయి. వాటితోనే ఆగిపోకూడదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, మరొకరికి నడుము నుంచి భుజం వరకు పొడవు ఉండవచ్చు. పైగా ఒక కంపెనీ 49 అన్న సైజు, మరొక కంపెనీ ఎక్స్ఎస్ అన్న సైజు ఒకటే అన్న హామీ లేదు.

అన్ని కంపెనీల సైకిళ్లనూ పోల్చడానికి పనికివచ్చే అంకెలు రెండు: రీచ్, స్టాక్. పెడళ్ల ఇరుసు నుంచి నిలువుగా ఒక గీత గీసుకున్నామనుకుంటే, ఆ గీత నుంచి ఫ్రేములో హ్యాండిలు కింద ఉండే ముందు గొట్టం పైకొస వరకు అడ్డంగా ఉన్న దూరం రీచ్. అదే ఇరుసు నుంచి ఆ కొసకు ఉన్న నిలువు ఎత్తు స్టాక్. రీచ్ పెరిగితే ముందుకు సాగాలి, స్టాక్ తగ్గితే కిందికి వంగాలి. కంపెనీల వెబ్‌సైట్లలో ప్రతి సైజుకూ ఈ అంకెలు ఇస్తారు. ఇప్పుడు తొక్కుతున్న సైకిలు దూరమనిపిస్తే దాని అంకెలు రాసి పెట్టుకుని, రీచ్ తక్కువగా, స్టాక్ ఎక్కువగా ఉన్న నమూనాల కోసం వెతకడం తేలిక.

పందేలకు తయారైన ఫ్రేములలో వీపు బాగా వంగుతుంది. ఎండ్యూరెన్స్ అనే తరగతి ఫ్రేములలో అదే సైజుకు స్టాక్ రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా, రీచ్ కొద్దిగా తక్కువగా ఉంటుంది. ఆ రెండు మూడు సెంటీమీటర్లు కాగితం మీద చిన్నవిగా కనిపించినా, మూడవ గంటలో మెడకు వాటి విలువ తెలుస్తుంది. బీఆర్ఎం పేరుతో జరిగే సుదూర సైకిలు యాత్రల్లో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లోపు పూర్తి చేయాలి. అంతసేపు సైకిలు మీద గడపాలనుకునేవారికీ, మొదటిసారి రోడ్ బైక్ కొనేవారికీ ఎండ్యూరెన్స్ ఫ్రేమునే తీసుకోమని నేను గట్టిగా చెబుతాను. పందేల సైకిలు వేగం ఆకర్షించవచ్చు. కానీ నొప్పితో వంగలేక హ్యాండిలు పైభాగం పట్టుకునే తొక్కేవారికి ఆ వేగం దక్కదు.

రెండు సైజుల మధ్య తటపటాయిస్తే చిన్నదే తీసుకోండి. చిన్న ఫ్రేమును స్టెమ్ మార్చి కొంత పెంచుకోవచ్చు. పెద్ద ఫ్రేమును తగ్గించడానికి మాత్రం ఒక హద్దు ఉంటుంది. హ్యాండిలును ఫ్రేముకు కలిపే స్టెమ్‌ను 100 మిల్లీమీటర్ల నుంచి 80కి మార్చడం సులువైన పనే, ఖర్చూ తక్కువే. అంతకంటే బాగా తగ్గించవలసి వస్తే ఫ్రేమే పెద్దదని అర్థం. నా మొదటి సైకిలు విషయంలో జరిగింది అదే. సీటును ముందుకు జరిపితే దూరం తగ్గుతుందని కొందరు సలహా ఇస్తారు. సీటు స్థానం మోకాలికీ పెడల్‌కూ ఉన్న సంబంధాన్ని బట్టి ఉండాలి. చేతుల కోసం దాన్ని జరిపితే నొప్పి చేతుల్లోంచి మోకాళ్లలోకి మారుతుంది.

బాగా చిన్న ఫ్రేముల్లో ఒక ఇబ్బంది ఉంది. నెమ్మదిగా వెళ్తూ మలుపు తిప్పినప్పుడు బూటు కొస ముందు చక్రానికి తగలవచ్చు. వేగంగా వెళ్తున్నప్పుడు హ్యాండిలు అంతగా తిరగదు కనుక అప్పుడు ప్రమాదం లేదు. యూ టర్న్ తీసుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. దుకాణంలోనే పెడల్‌ను ముందుకు పెట్టి, హ్యాండిలు తిప్పి చూసుకోండి. పెడల్‌ను ఇరుసుకు కలిపే కాడ (క్రాంక్) పొడవును కూడా అక్కడే అడగండి. ఎత్తు 160 సెంటీమీటర్లకు లోపు ఉన్నవారికి 170 మిల్లీమీటర్ల కాడ కంటే 165 మిల్లీమీటర్లది నయం. పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు అతిగా ముడుచుకోదు, తుంటి దగ్గర బిగుతు తగ్గుతుంది, బూటు చక్రానికి తగలడమూ తగ్గుతుంది.

సీటు

మహిళలు ఎక్కువగా బాధపడేది, తక్కువగా మాట్లాడేది దీని గురించే. దుకాణంలో పురుషులే ఉంటారు కనుక నొప్పి ఎక్కడో చెప్పడానికి మొహమాటపడి, మెత్తని జెల్ కవరు కొనుక్కుని వచ్చేస్తారు. ఆ కవరు పది నిమిషాలు హాయిగా ఉంటుంది, గంట గడిచేసరికి బాధ ఇంకా పెరుగుతుంది. దీనికి కారణం ఉంది. శరీర బరువును మోయవలసినవి పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు అందులోకి కూరుకుపోతాయి. వాటి మధ్య ఉన్న సున్నితమైన భాగం మీద సీటు పైకి ఒత్తుకుంటుంది. అందుకే గట్టిగా కనిపించే, సరైన వెడల్పున్న సీటు ఎక్కువ దూరాలకు మెత్తని సీటు కంటే సుఖంగా ఉంటుంది.

వెడల్పు తెలుసుకోవడానికి, వస్తువులు ప్యాక్ చేసి వచ్చే ముడతల అట్టను గట్టి బల్ల మీద పరిచి దాని మీద కూర్చోండి. మడమలు పైకెత్తి, సైకిలు మీద వంగినంతగా ముందుకు వంగి, నిమిషం ఆగి లేవండి. అట్ట మీద రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య బిందువుల దూరానికి 20 నుంచి 25 మిల్లీమీటర్లు కలిపితే సీటు వెడల్పు సుమారుగా వస్తుంది. గుంటల మధ్య 125 మిల్లీమీటర్లుంటే 145 నుంచి 150 మిల్లీమీటర్ల సీటు చూడాలి. ఒకే సీటును 143, 155 వంటి రెండు మూడు వెడల్పుల్లో తయారు చేసే కంపెనీలు ఉన్నాయి. మనిషి లావుగా ఉన్నంత మాత్రాన ఈ ఎముకలు దూరంగా ఉండవు, సన్నగా ఉన్నంత మాత్రాన దగ్గరగానూ ఉండవు. కనుక చూపుతో అంచనా వేసి సీటు ఇచ్చే దుకాణదారును నమ్మవద్దు.

సీటు మధ్యలో పొడవాటి ఖాళీ లేదా లోతైన గాడి ఉన్నవి చాలామంది మహిళలకు ఉపశమనం ఇస్తాయి. కొందరికి మాత్రం ఆ ఖాళీ అంచులే ఒరుసుకుంటాయి. ఇది తొక్కి చూస్తే తప్ప తెలియదు. అందువల్ల నచ్చకపోతే మార్చి ఇస్తారా, పరీక్షకు సీటు ఇస్తారా అని కొనే ముందే అడగండి. బిగించేటప్పుడు సీటు నేలకు సమాంతరంగా ఉండాలి. ముందు భాగం ఒత్తుతుంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచవచ్చు. ఇంకా వంచితే ఒళ్లు ముందుకు జారుతూ, ఆ బరువంతా అరచేతుల మీద పడుతుంది. సీటు ఎత్తు ఎక్కువైతే తొక్కుతున్నప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడు వల్లే రాపిడి పుడుతుంది. వెనుక వస్తున్న స్నేహితురాలిని ఒకసారి గమనించమంటే ఇట్టే తెలిసిపోతుంది.

సీటు మార్చే ముందు ఇంకొక సంగతి ఆలోచించండి. హ్యాండిలు దూరంగా ఉన్నప్పుడు తెలియకుండానే ముందుకు జరిగి సీటు ముక్కు మీద కూర్చుంటాం. ఆ భాగం ఎముకలను మోయడానికి చేసినది కాదు. నాలుగు సీట్లు మార్చినా బాధ పోని వారికి చాలాసార్లు చిన్న స్టెమ్ వేయగానే పోతుంది. సైజు, సీటు అన్నీ సరిచేసుకున్నా వాపు, తిమ్మిరి, పుండు తగ్గకపోతే దాచుకోకుండా గైనకాలజిస్టుకు చూపించుకోవాలి.

చేతులు, గేర్లు, టైర్లు

చిన్న చేతులకు బ్రేకు పిడి అందకపోవడం కేవలం అసౌకర్యం కాదు, ప్రమాదం. హ్యాండిలు కింది వంపును పట్టుకుని రెండు వేళ్లతో బ్రేకును పూర్తిగా నొక్కగలగాలి. చాలా పిడులలో దూరాన్ని సరిచేసే మర ఉంటుంది, దుకాణంలోనే దగ్గరకు తెప్పించుకోండి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులకు వేళ్ల బలం తక్కువ సరిపోతుంది. అనంతగిరి నుంచో, అరకు ఘాట్ నుంచో అరగంట సేపు బ్రేకు నొక్కుతూ దిగినవారికి దాని మేలు ఏమిటో తెలుసు. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు కార్బన్ ఫ్రేము కంటే నేను ముందు ఎంచుకునేది ఈ బ్రేకులనే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కార్బన్‌ది అయిన అల్యూమినియం ఫ్రేము మొదటి సైకిలుకు చాలు.

గేర్ల విషయంలో పెద్ద అంకెల కోసం చూడకుండా అన్నిటికంటే తేలికైన గేరు ఎంత తేలికో అడగండి. ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనుక 11 నుంచి 34 పళ్ల వరకు ఉన్న క్యాసెట్ (పళ్ల చక్రాల దొంతర) ఉంటే, అన్నిటికంటే తేలికైన గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది, సైకిలు సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. వెనుక 28 పళ్ల దగ్గరే ఆగిపోతే అదే చుట్టుకు దాదాపు 2.6 మీటర్లు నెట్టవలసి వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడా మోకాళ్ల మీద పడుతుంది. షిమానో కంపెనీ గేర్లలో క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అన్నవి వరుసగా పైస్థాయికి వెళ్లే శ్రేణులు. శ్రేణి మారితే మెరుపు, బరువు, ధర మారతాయి. తేలిక గేరు ఉందా లేదా అన్నది మీ సుఖాన్ని నిర్ణయిస్తుంది.

మన రోడ్ల అతుకులకు, స్పీడ్ బ్రేకర్లకు 25 మిల్లీమీటర్ల టైర్లు చాలవు. కనీసం 28 ఉండాలి, ఫ్రేములో 32 పట్టే చోటు ఉంటే ఇంకా మంచిది. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ అంకె వరకు గాలి కొట్టడం చాలామంది చేసే పొరపాటు. 55 కిలోల బరువున్న మహిళకు 28 మిల్లీమీటర్ల టైరులో 60 పీఎస్ఐ, 32 మిల్లీమీటర్ల టైరులో 50 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, తొక్కి చూసి సరిచేసుకోవచ్చు. పైసా ఖర్చు లేకుండా దొరికే సుఖం ఇదొక్కటే.

దుకాణంలో

మీ సొంత బూట్లు, తొక్కేటప్పుడు వేసుకునే దుస్తులతో వెళ్లండి. సీటు ఎత్తును మీ అంకె ప్రకారం పెట్టించాకే తొక్కి చూడండి. పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు పూర్తిగా చాచుకోవాలి, పాదం ముందు భాగం ఆనిస్తే మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. దుకాణం ముందు రెండు చుట్లు తిరిగితే ఏమీ తెలియదు. అరగంటైనా తొక్కనివ్వమని అడగండి, వీలైతే చిన్న ఎత్తు, గతుకులు ఉన్న దారిలో వెళ్లండి. మోచేతులు బిగుసుకోకుండా కొద్దిగా వంగి ఉన్నాయా, అరచేతుల మీద బరువు పడుతోందా, ముందున్న రోడ్డు చూడటానికి మెడను బలవంతంగా ఎత్తవలసి వస్తోందా, సీటు మీద పదేపదే వెనక్కి జరగవలసి వస్తోందా అని గమనించండి. ఒక్క క్షణం హ్యాండిలు మీద చేతుల బరువు తేలిక చేసి చూడండి. ఒళ్లు ముందుకు కూలబడితే హ్యాండిలు దూరంగా గానీ, కిందుగా గానీ ఉన్నట్టు.

మీ సైజు లేకపోతే తెప్పించమనండి. పదిహేను రోజులు ఆగడానికి మనసొప్పక తప్పు సైజు తెచ్చుకుంటే ఆ బాధ ఏళ్ల తరబడి ఉంటుంది. తగ్గింపు ధర అంటూ చూపే సైకిళ్లలో సాధారణంగా ఎవరికీ సరిపడక మిగిలిన సైజులే ఉంటాయి. స్టెమ్, హ్యాండిలు మార్చడానికి ఎంత అవుతుందో, కొన్నప్పుడే మారిస్తే పాత భాగాల విలువ తగ్గించుకుంటారో లేదో బేరం ముగియకముందే తేల్చుకోవాలి.

చేతిలో ఉన్న మొత్తమంతా సైకిలుకే పెట్టకుండా పదో వంతైనా పక్కన ఉంచండి. హెల్మెట్, పంపు, విడి ట్యూబు, అన్నిటికంటే ముఖ్యంగా మెత్త కుట్టిన సైక్లింగ్ షార్ట్స్ కావాలి. మహిళల షార్ట్స్‌లో మెత్త ఆకారం వేరుగా ఉంటుంది కనుక పురుషులవి తెచ్చుకోవద్దు. వాటి లోపల లోదుస్తులు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడేది అందువల్లే. కాళ్లు కనిపిస్తాయన్న సంకోచం ఉంటే వాటి మీద వదులు షార్ట్స్ గానీ, పలుచని ట్రాక్ ప్యాంటు గానీ వేసుకోవచ్చు. చైను వైపు కాలికి మాత్రం ప్యాంటు అంచును బిగించి కట్టాలి. చున్నీ వేసుకుని రోడ్ బైక్ ఎక్కవద్దు. అది చక్రంలో చుట్టుకుంటే ఆపే వ్యవధి ఉండదు.

ఇంటికి తెచ్చాక సీటు గొట్టం మీద ఎత్తు దగ్గర ఎలక్ట్రికల్ టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. మొదటి నెలలో మార్పులు చేయవలసి వస్తే ఒకసారికి ఒక్కటే, అదీ నాలుగైదు మిల్లీమీటర్లకు మించకుండా చేసి, రెండు మూడుసార్లు తొక్కి చూసి, ఏం మారిందో చిన్న పుస్తకంలో తేదీతో రాసుకోండి. మొదటి ఉచిత సర్వీసుకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లి, ఇంకా మిగిలిన ఇబ్బందిని ఏ చోట, ఎన్ని కిలోమీటర్ల తరువాత మొదలవుతోందో చెప్పి సరిచేయించుకోండి.